డీఎన్‌ఏ వరుసలను పోల్చి జీవుల బంధుత్వాన్ని గుర్తించే పద్ధతి

రెండు జీవజాతులు ఎంత దగ్గరి బంధువులో వాటి డీఎన్‌ఏను పోల్చి అంచనా వేయవచ్చు. ఇందుకు ప్రయోగశాల అవసరం లేదు. శాస్త్రవేత్తలు చదివి భద్రపరచిన జన్యువుల వరుసలు జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో అందరికీ ఉచితంగా లభిస్తాయి. తేడాలను లెక్కించడం సులువే. ఏ తేడా దేనికి సాక్ష్యమో నిర్ణయించడంలోనే అసలు పని ఉంది.

డీఎన్‌ఏ పెనవేసుకొన్న రెండు పోగుల అణువు. ఒక పోగులోని అడినిన్ అనే క్షారానికి ఎదురుగా రెండవ పోగులో థైమిన్, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ ఉంటాయి కనుక, ఒక పోగు తెలిస్తే రెండవది తెలిసినట్లే. అందుకే వరుసను ఒకే పోగుగా ఏ, టీ, జీ, సీ అనే అక్షరాలతో రాస్తారు. కణవిభజనకు ముందు ఈ వరుసకు నకలు తయారవుతుంది. తప్పులను సరిదిద్దే ఎంజైములు ఉన్నప్పటికీ కొన్ని మార్పులు మిగిలిపోతాయి. వీటినే ఉత్పరివర్తనలు అంటారు. జంతువులలో అండాలకు, శుక్రకణాలకు చేరిన మార్పులే సంతానానికి సంక్రమిస్తాయి కాబట్టి పరిణామానికి సంబంధించినవి అవే.

మొదట పోల్చదగిన జన్యువును ఎంచుకోవాలి. చాలా నెమ్మదిగా మారే జన్యువు దగ్గరి బంధువుల విషయంలో ఏమీ చెప్పదు: సైటోక్రోమ్ సి ప్రోటీన్‌లోని 104 అమైనో ఆమ్లాలూ మనిషిలోనూ చింపాంజీలోనూ ఒక్కటే. అలాంటి జీవులకు వేగంగా మారే మైటోకాండ్రియా డీఎన్‌ఏ మేలు. మనిషిలో దాని పొడవు సుమారు 16,569 క్షార జంటలు. ఎంచుకొన్న వరుసలను క్లస్టల్ ఒమేగా వంటి సాధనంతో ఒకదాని కింద ఒకటి అమర్చుకోవాలి. ఈ అమరిక తప్పితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి కనుక, అక్షరాలు చేరడం లేదా పోవడం వల్ల ఖాళీలు వచ్చిన చోట్లను కంటితో మరొకసారి పరిశీలించడం మంచిది.

ప్రోటీన్‌ను నిర్దేశించే భాగంలో అక్షరాలను మూడేసి చొప్పున చదవాలి. జీఏజీ అనే త్రికం జీఏఏగా మారినా అది సూచించే గ్లుటామిక్ ఆమ్లం మారదు. అదే జీఏజీ జీటీజీగా మారితే దాని స్థానంలో వాలీన్ వస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని నిర్దేశించే బీటా గ్లోబిన్ జన్యువులో జరిగిన ఇటువంటి ఒక్క మార్పే సికిల్ సెల్ వ్యాధికి మూలం. మొదటి రకం మార్పులు ప్రకృతి వరణం దృష్టికి చాలావరకు రావు, అందువల్ల అవి కాలంతోపాటు పోగుపడతాయి. రెండవ రకం మార్పులలో హానికరమైనవి క్రమంగా తొలగిపోతాయి, ఉపయోగపడేవి వ్యాపిస్తాయి. ఈ రెండింటినీ కలిపి లెక్కించకూడదు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది, చాలామంది వదిలివేసేది, పోల్చే జీవులన్నింటికీ దూరపు బంధువైన ఒక బయటి బంధువును చేర్చడం. మనిషి, చింపాంజీ, రీసస్ కోతి వరుసలను పోల్చేటప్పుడు వాటితోపాటు కోడి వరుసను కూడా తీసుకోవాలి. ఒక స్థానంలో మనిషికీ చింపాంజీకీ జీ ఉండి, రీసస్ కోతికీ కోడికీ ఏ ఉన్నదనుకొందాం. ఏ పాత అక్షరమనీ, జీ మనిషికీ చింపాంజీకీ ఉమ్మడి అయిన పూర్వీకునిలో వచ్చిన మార్పు అనీ అనుకోవడం సరళమైన వివరణ. రీసస్ కోతికీ కోడికీ ఒకే అక్షరం ఉన్నంత మాత్రాన అవి దగ్గరి బంధువులు కావు; పాతదాన్ని నిలుపుకోవడం బంధుత్వానికి రుజువు కాదు, కొత్త మార్పును పంచుకోవడమే రుజువు.

పోలికలన్నీ వారసత్వంగా వచ్చినవి కూడా కావు. అధిక శాతం క్షీరదాలలో సి విటమిన్ తయారీలో చివరి ఎంజైమును ఇచ్చే గులో జన్యువు మనిషిలో, చింపాంజీ, గొరిల్లా వంటి తోకలేని వానరాలలో, కోతులలో పాడైపోయింది. గినీ పందిలోనూ అది పనిచేయదు, కానీ అక్కడ వేరే విధంగా, స్వతంత్రంగా చెడిపోయింది. పాడైపోయిందన్న సంగతిని మాత్రమే చూస్తే గినీ పంది మనకు సమీప బంధువుగా కనిపిస్తుంది; ఎక్కడ, ఎలా పాడైందో వరుసలో చూస్తే ఆ భ్రమ తొలగిపోతుంది.

ఒక్క జన్యువుతో గీసిన వంశవృక్షాన్ని తుది నిర్ణయంగా స్వీకరించరాదు. మొత్తం మీద మనిషికి అతి దగ్గరి బంధువు చింపాంజీయే అయినా, 2012లో వెలువడిన గొరిల్లా జన్యుపటం ప్రకారం దాదాపు 30 శాతం భాగాలలో మనిషి, చింపాంజీ ఒకదానికొకటి ఉన్నదానికంటే గొరిల్లా వరుసే మనిషికో చింపాంజీకో ఎక్కువ దగ్గరగా ఉంది. పూర్వీకుల జనాభాలో ఉన్న భిన్న రూపాలు వేర్వేరు శాఖలకు వేర్వేరుగా చేరడమే దీనికి కారణం. కాబట్టి వేర్వేరు క్రోమోజోములలోని అనేక జన్యువులతో ఇదే పద్ధతిని మళ్లీ చేసి, ఎక్కువ జన్యువులు సమర్థించే శాఖలను మాత్రమే నమ్మాలి.