దాచుకున్న చిన్న వస్తువులకు అద్దాల పెట్టె చేసుకోవడం ఎలా

నేను చేసిన మొదటి అద్దాల పెట్టెలో అమ్మమ్మ కుట్టుపనిలో వేలికి తొడుక్కునే వెండి తొడుగు, తాతయ్య చేతి గడియారం, వెనకవైపు నాన్న నీలం సిరాతో రెండు ముక్కలు రాసుకున్న రైలు టికెట్టు, చిన్నప్పుడు మేం ఏరుకొచ్చిన గవ్వలు ఉండేవి. పెట్టె చూడ్డానికి చాలా బాగా కుదిరింది. ఏడాది తిరిగేసరికి వెండి నల్లబడింది, సిరా వెలిసిపోయింది. టికెట్టు ఎగరకుండా ఒక మూల పెట్టిన గుండీ తీసి చూస్తే, దాని కింద పడ్డ రెండు అక్షరాలు మాత్రం నిన్న రాసినంత నీలంగా ఉన్నాయి. అన్నేళ్లు చీకట్లో భద్రంగా ఉన్న కాగితాన్ని ఒక్క ఏడాదిలో నా చేతులతో పాడుచేసుకున్నాను. ఆ బాధ ఇంకా పోలేదు. అందుకే రెండో పెట్టె మొదలుపెట్టినప్పుడు చెక్క కొనడానికి పరిగెత్తలేదు, ముందు వస్తువుల దగ్గర కూర్చున్నాను.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. నేల మీద తెల్ల కాగితం పరిచి, అన్నిటినీ దాని మీద సర్దండి. ఒక్కోదానికీ మధ్య కనీసం రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. సైజును బట్టి కాకుండా సంబంధాన్ని బట్టి పక్కపక్కన పెట్టి చూడండి. గడియారం పక్కన దాని తాళంచెవి, తొడుగు పక్కన సూదుల డబ్బా. నచ్చాక ఒక ఫోటో తీసుకుని, పెన్సిల్‌తో చుట్టూ గీతలు గీయండి. పెట్టె కొలతలు ఆ కాగితమే చెబుతుంది. నా దగ్గర అరవైకి పైగా ఉంటే, ఇరవై మూడు మాత్రమే లోపలికి వెళ్లాయి. మిగతావి డబ్బాలో ఉన్నాయి, అప్పుడప్పుడూ మారుస్తుంటాను. అన్నీ ఒకేసారి కుక్కితే దేన్నీ ఎవరూ చూడరు.

లోతు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. గవ్వలు, గుండీలంత చిన్నవాటికి ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు చాలు. అంతకంటే లోతైతే వెనక్కి పోయి నీడలో కలిసిపోతాయి. ప్రతి అరకూ వస్తువు ఎత్తు మీద ఇంకో ఐదు సెంటీమీటర్లు వదలండి, లేకపోతే వేళ్లు దూరవు. పక్కవాటిని పడేస్తాం. లైటు పైనుంచి పడేట్టయితే అరలు గాజువే పెట్టుకోవాలి, చెక్క అర కింద అంతా చీకటే.

ఇక అసలు సంగతి, లోపలి గాలి. మూసిన పెట్టెలో చెక్క నుంచి ఆమ్లాల ఆవిరి వస్తూనే ఉంటుంది. ఓక్ లాంటి చెక్కలో ఇది మరీ ఎక్కువ. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) అయితే వాటి జిగురూ తోడవుతుంది. సీసం వస్తువులు, గవ్వలు దీన్ని అస్సలు తట్టుకోలేవు. నా గవ్వల్లో ఒకదాని అంచున ఉప్పు చల్లినట్టు తెల్లటి పొడి కనిపించింది. తుడిస్తే పోయింది గానీ దాని కింద నునుపు కూడా పోయింది. దీన్ని బైన్ జబ్బు అంటారు. పేరుకే జబ్బు, నిజానికి ఆ ఆమ్లాలు గవ్వలోని సున్నాన్ని తినేయడమే. వెండి నల్లబడ్డానికి కారణం గంధకం. ఉన్ని బట్టలో, రబ్బరులో అది ఉంటుంది. నేను అడుగున పరిచింది ఉన్ని ఫెల్టే.

మ్యూజియంలలో షోకేసు సామగ్రిని ముందే పరీక్షిస్తారు. బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త ఆండ్రూ ఆడీ 1973లో వివరించిన పద్ధతి ఇది. వెండి, రాగి, సీసం ముక్కలను ఆ సామగ్రితోపాటు కాస్త తేమ ఉన్న గాజు గొట్టంలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి, లోహాలు ఎలా మారాయో చూస్తారు. ఇంట్లో అంత కచ్చితంగా కుదరదు గానీ, నేను రెండు గాజు సీసాలు తీసుకుని, రెండింట్లోనూ మెరుగుపెట్టిన వెండి ముక్క, తడి దూది పెట్టి, ఒకదాంట్లో మాత్రం బట్ట ముక్క వేసి, వెచ్చటి చోట నెల రోజులు ఉంచాను. బట్ట ఉన్న సీసాలో వెండి మారితే ఆ బట్ట వద్దు. చివరికి రంగు వేయని నూలు బట్ట ఉతికి వాడాను. చట్రం అల్యూమినియందైతే మేలు. చెక్కే కావాలనుకుంటే లోపలివైపు అల్యూమినియం రేకు అంటించి, దాని మీద బట్ట పరవండి. రంగు వేస్తే తలుపులు మూడు నాలుగు వారాలు బార్లా తెరిచి ఉంచాలి. గాజు అతికించే సిలికాన్ వెనిగర్ వాసన వేస్తోందంటే అది కూడా ఆమ్లమే వదులుతోందన్నమాట. న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి.

గాజుకు నాలుగు మిల్లీమీటర్లు సరిపోతుంది. టఫెన్డ్ గాజును, అంటే వేడిచేసి గట్టిపరిచిన గాజును, తర్వాత కోయలేం, చిల్లు పెట్టలేం కాబట్టి గాడిలో రెండు మిల్లీమీటర్లు వదులు ఉండేలా లెక్క చూసుకుని ఆర్డరివ్వాలి. గాజు బదులు వాడే పారదర్శక ప్లాస్టిక్, ఆక్రిలిక్, తేలిక, కానీ దుమ్మును లాగుతుంది, గీతలు పడతాయి.

వెలుతురు చేసే నష్టం కొంచెం కొంచెంగా పోగవుతుంది, వెనక్కి రాదు. కాగితం, రంగు బట్టల మీద మ్యూజియంలు వెలుతురును దాదాపు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వవు. అంటే గది మసకగా అనిపించేంత. అతినీలలోహిత కిరణాలను ఆపే ఆక్రిలిక్ పెట్టినా, మామూలు వెలుతురు కూడా సిరాను తినేస్తుంది. పెట్టె కిటికీకి ఎదురుగా వద్దు. ఎల్ఈడీ వాడి, దాని డ్రైవర్‌ను (లైటుకు కరెంటు అందించే చిన్న పెట్టెను) బయట బిగించండి, లోపల వేడెక్కదు. ఎవరైనా చూస్తున్నప్పుడే లైటు వేయండి.

వస్తువులను జిగురుతో అంటించకండి. గడియారానికి నూలు బట్ట చుట్ట, గవ్వలకు సన్నటి గుంట, నిలబడనివాటి అడుగున గోరంత మైక్రోక్రిస్టలైన్ మైనం (మ్యూజియంలలో వస్తువులు కదలకుండా వాడే మెత్తటి మైనం). ప్రతిదానికీ చిన్న చీటీ మీద పెన్సిల్‌తో ఎవరిది, ఎప్పటిది అని రాయండి. ఆ మాటలు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. తొడుగు ఎవరిచ్చారో అమ్మమ్మని నేను అడగలేదు, ఆ చీటీ సగమే ఉంది.

గోడకు బిగిస్తే మధ్య అర నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర ఉంటే నిలబడి చూసే పెద్దవాళ్లకు సరిపోతుంది. మా ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి నేను 120 దగ్గర బిగించాను. నాన్న టికెట్టు ఇప్పుడు చీకటి డబ్బాలో ఉంది. పెట్టెలో దాని రంగు కాపీ పెట్టాను, గుండీ కింద మిగిలిన ఆ రెండు అక్షరాలూ అందులో బాగా కనిపిస్తాయి.