ముందు మన పేరు మీద ఓపీ చీటీ

నేను మత్తు డాక్టర్ని. తెనాలిలో నాలుగు నర్సింగ్ హోములకి తిరుగుతుంటాను. పేషెంటు బల్ల మీదున్నంతసేపూ ఐదు నిమిషాలకోసారి బీపీ రాయడం నా పని. నా బీపీ మాత్రం నాలుగేళ్ల పాటు ఎవరూ రాయలేదు. పోయినేడాది ఓ రాత్రి రెండు సిజేరియన్ల మధ్య, కొత్త బీపీ మిషను పనిచేస్తుందో లేదో చూద్దామని మా సిస్టరమ్మ కఫ్ తెచ్చి నా చేతికి చుట్టింది. 168/104.

"మిషన్ తేడాగా ఉందమ్మా" అన్నాను.

పాతది తెచ్చింది. 170/102. "ఇదీ తేడాయేనా సార్?"

అందుకే తోటి డాక్టర్లకీ, సిస్టర్లకీ, ల్యాబ్ వాళ్లకీ నేను చెప్పే మొదటి పని ఓపీ చీటీ రాయించుకోవడం. మీ ఆస్పత్రిలో వద్దు. వేరేచోట, ఫీజు కట్టి, వరసలో కూర్చుని. కారిడార్లో బ్యాచ్‌మేట్‌ని ఆపి అడిగితే "ఏం లేదురా, ఉప్పు తగ్గించు" అంటాడు. వాడు కఫ్ చుట్టడు, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పడు. సొరుగులో మందుల కంపెనీ రెప్‌లు ఇచ్చిన శాంపిళ్లతో సొంత వైద్యం అంతకంటే దండగ. నేను చేశాను. టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర అయిపోతే పక్కనే ఉంది కదా అని ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మాత్ర, అదీ అయిపోతే రెప్ వచ్చేదాకా ఏమీ లేదు.

ఇక ఇంట్లో బీపీ. కేసు ముగించి చెమటలతో వచ్చి చూసుకున్న అంకె లెక్కలోకి రాదు. అరగంట ముందు నుంచీ టీ, సిగరెట్టు వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకి తాకేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టండి (ఇదే అన్నిటికంటే కష్టం). చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, కఫ్ చొక్కా మీద కాదు, చర్మం మీద. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, ఏడు రోజులు. మొదటిరోజువి వదిలేసి మిగతావాటి సగటు చూడండి. 135/85 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆ కాగితం తీసుకుని వెళ్లాల్సిందే.

రక్తపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ లెక్కలు) ఎలాగూ రాస్తారు. లైపోప్రోటీన్-ఏ కూడా అడగండి, ఎక్కువైతే గుండెకి ముప్పు తెచ్చే ఓ రకం కొలెస్ట్రాల్ కణం. అది పుట్టుకతో వచ్చేది, చాలామందికి జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. టేపుతో నడుము కొలవండి. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. నాది 98. "నాకింకా వయసెక్కడిది" అనుకునేవాళ్లకి ఒక్క మాట: గుండెపోటు మీద చాలా దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా దేశాల వాళ్లకి 59 దగ్గర.

నైట్ డ్యూటీ మానమని చెప్పలేను, నేనే మానలేదు. డ్యూటీకి ముందే ఇంట్లో తిని వెళ్తున్నాను. అర్ధరాత్రి బిర్యానీ పార్సిల్ మానేశాను. తెల్లారి ఓపీ పెట్టుకోను.

అసలు విషయం ఛాతీలో పట్టేసినప్పుడు. మనవాళ్లు అందరూ ముందు గ్యాస్ మాత్రే వేసుకుంటారు, పేషెంటుని మాత్రం అందుకే తిడతారు. ఎక్కడుంటే అక్కడే కూర్చుని గట్టిగా చెప్పండి. మెట్లెక్కి క్యాజువాల్టీకి నడవొద్దు, బండి తీయొద్దు. పది నిమిషాల్లో ఈసీజీ పడాలి. అది మీరు చదవకండి, ఇంకొకరికివ్వండి. మొదటిది నార్మల్‌గా ఉందని లేచి కేసుకి వెళ్లిపోవద్దు. మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా ఒక్కసారితో ఆపరు.

అప్పుడు పోల్చడానికి పాతది కావాలి కాబట్టి, ఒంట్లో బాగున్న రోజునే ఓ ఈసీజీ తీయించి ఫొటో దాచుకోండి. నాది మా సిస్టరమ్మ ఫోన్లో కూడా పెట్టించాను. నేను పడిపోతే నా ఫోన్ లాక్ తీసేదెవరు?