కనెక్టర్‌కు బిజినెస్ ఆబ్జెక్టులు, 4వ పాఠం: ఎఫ్‌కే (ఫారిన్ కీ) పక్కన ఏ పేరు రాయాలి?

మూడో పాఠం అభ్యాసం ఒక కస్టమర్‌ను, అతని చిరునామాలను కనెక్టర్ ద్వారా డేటాబేస్‌లో చేర్చడం. అందులో ఎక్కువమంది ఒకేచోట ఆగిపోయారు. కస్టమర్ వరుస టేబుల్‌లో చేరింది, చిరునామాలు మాత్రం ఆ కస్టమర్‌కు ముడిపడలేదు. వెర్బ్‌ల (క్రియేట్ లాంటివి, ఆబ్జెక్టుతో ఏం చేయాలో చెప్పే ఆదేశాలు) పాఠం తరువాత చూద్దాం, ముందు ఇది తేలాలి.

ఐబీఎం వెబ్‌స్ఫియర్ బిజినెస్ ఇంటిగ్రేషన్ జేడీబీసీ అడాప్టర్ (మీ ఆబ్జెక్టుకూ డేటాబేస్‌కూ మధ్య పనిచేసే ప్రోగ్రామ్, అందులో నడిచే భాగమే కనెక్టర్) కోడులో మీ టేబుల్ పేరు ఎక్కడా ఉండదు. మీ ఆబ్జెక్టు నిర్వచనంలోని అప్లికేషన్ స్పెసిఫిక్ సమాచారం (ఆబ్జెక్టును టేబుల్‌కు కలిపే సూచనలు) చదివి, అది అప్పటికప్పుడు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) తయారు చేసుకుంటుంది. ఆబ్జెక్టు స్థాయిలో టీఎన్ అంటే టేబుల్ పేరు, అట్రిబ్యూట్ (ఆబ్జెక్టులో ఒక్కో విలువ ఉండే గడి) స్థాయిలో సీఎన్ అంటే కాలమ్ పేరు. ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది రాలేదు.

చిక్కంతా ఒక టేబుల్ వరుసను మరో టేబుల్ వరుసకు ముడివేసే ఎఫ్‌కే దగ్గరే. సీఎన్ పక్కన రాసేది కాలమ్ పేరు, ఎఫ్‌కే పక్కన రాసేది అట్రిబ్యూట్ పేరు. ఒకే వరుసలో పక్కపక్కన ఉన్నా ఈ రెండూ వేర్వేరు లోకాలవి: ఒకటి డేటాబేస్‌ది, మరొకటి మీ ఆబ్జెక్టుది. కస్టమర్ ఆబ్జెక్టులో కీ అట్రిబ్యూట్ పేరు కస్టమర్‌నంబర్, దాని కాలమ్ కస్ట్_ఐడీ అనుకుందాం. చిరునామా ఆబ్జెక్టులో రాయవలసింది ఇది:

సీఎన్=కస్ట్_ఐడీ:ఎఫ్‌కే=కస్టమర్‌నంబర్

మీలో చాలామంది రెండుచోట్లా కస్ట్_ఐడీ అనే రాశారు. తల్లి ఆబ్జెక్టులో (ఇక్కడ కస్టమర్) ఆ పేరుతో అట్రిబ్యూట్ లేదు, ఇక కనెక్టర్ విలువను ఎక్కడి నుంచి తెస్తుంది? అట్రిబ్యూట్‌కూ కాలమ్‌కూ ఒకే పేరు పెట్టినవారికి మాత్రం పని జరిగిపోయింది. వారి నిర్వచనం సరైనదని అప్పుడే అనుకోవద్దు, పేర్లు కలిశాయి కాబట్టి తప్పు దాగింది. రేపు కాలమ్ పేరు మారితే, ఏ పేరు ఎక్కడ దిద్దాలో వారికి తెలియదు. అందుకే నేను అట్రిబ్యూట్‌లకు కావాలనే వేరే పేర్లు పెడతాను. తప్పు మొదటి పరీక్షలోనే బయటపడాలి.

చిరునామాలు అనేకం, కాబట్టి సంబంధం పిల్ల ఆబ్జెక్టులో (ఇక్కడ చిరునామా) నిల్వ ఉంటుంది. సంబంధం తల్లి టేబుల్‌లోనే ఉంటే ఎఫ్‌కే తల్లిలో రాయాలి. అప్పుడు ఒక్క అట్రిబ్యూట్ పేరు చాలదు, పిల్ల ఆబ్జెక్టు రకం పేరు, చుక్క, దాని అట్రిబ్యూట్ పేరు మూడూ కావాలి. ఏ ఆబ్జెక్టులో రాయాలో టేబుల్ చెబుతుంది, మీ ఇష్టంతో పని లేదు.

ప్రతి ఆబ్జెక్టు చివర ఉండే ఆబ్జెక్ట్‌ఈవెంట్‌ఐడీ (వ్యవస్థ తనకోసం ఉంచుకున్న అట్రిబ్యూట్) జోలికి వెళ్లకండి.

అభ్యాసం: ఒక ఆర్డర్. దానికి ఒక కస్టమర్, అనేక వస్తువుల వరుసలు, ఒక్కో వరుసకు ఒక సరుకు. నాలుగు టేబుళ్లు, నాలుగు ఆబ్జెక్టులు. డిజైనర్ (ఆబ్జెక్టులు తయారుచేసే సాధనం) తెరవకుండా, ఓడీఏ (టేబుళ్లు చదివి నిర్వచనాలు తానే తయారుచేసే సాధనం) సాయం లేకుండా, అన్ని టీఎన్, సీఎన్, ఎఫ్‌కేలు కాగితం మీద రాయండి. ఏ అట్రిబ్యూట్ పేరూ కాలమ్ పేరుతో కలవకూడదు. క్రియేట్ వచ్చినప్పుడు నాలుగింటిలో ఏ టేబుల్‌లో వరుస ముందు చేరాలో, ఎందుకో ఒక్కో వాక్యంలో పక్కన రాయండి. వెర్బ్‌ల పాఠం ఆ వాక్యాల నుంచే మొదలవుతుంది.