మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే హోమ్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే పది, ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రి. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. పక్షవాతం వచ్చినవాళ్లను, మతిమరుపు ముదిరినవాళ్లను, తుంటి ఎముక విరిగి లేవలేనివాళ్లను నెలకు ఇంత అని తీసుకుని చూసుకునే హోముల గురించి. బోర్డు మీద వృద్ధాశ్రమం అని ఉండొచ్చు, ఎల్డర్ కేర్ అని ఉండొచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కలా, విజయవాడలో, విశాఖలో ఇలాంటివి ఇప్పుడు చాలానే ఉన్నాయి.

మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. మేం మొదట చేర్చిన చోటు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. గ్రానైట్ నేల, రిసెప్షన్లో చేపల తొట్టి, ప్రతి గదికీ టీవీ. మూడో వారానికల్లా ఆవిడ నడుము కింద పుండు పడింది. దాన్ని చూసింది కూడా వాళ్లు కాదు, ఆదివారం వెళ్లి ఒళ్లు తుడవబోయిన మా ఆడపడుచు. రెండో చోటు వెతికేటప్పుడు చేపల తొట్టి వైపు చూడలేదు. ఆ హోములో అందరికంటే అధ్వానంగా ఉన్న మనిషి, అంటే నోరు తెరిచి నీళ్లు కూడా అడగలేని మనిషి ఎలా ఉన్నారో చూశాను. కింద చెప్పేదంతా అక్కడి నుంచే వచ్చింది.

1. ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పండి

చేర్చుకోరేమోనని చాలామంది జబ్బు తగ్గించి చెప్తారు. అలా చేయకండి. ముక్కులో ట్యూబ్ ఉందా, యూరిన్ పైపు ఉందా, ఇన్సులిన్ ఎన్నిసార్లు, రాత్రిళ్లు అరుస్తారా, అన్నీ చెప్పేయండి. అవతలివాళ్లు "అన్నీ మేం చూసుకుంటామండీ, మీరు తీసుకొచ్చేయండి" అన్నారంటే నాకైతే అనుమానమే. "బరువెంత ఉంటారు? మింగగలరా? ఇప్పటికే పుండ్లున్నాయా?" అని తిరిగి అడిగేవాళ్లకు పని తెలుసు. డెబ్బై కిలోల మనిషిని మంచంలో పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఆ లెక్క వేసుకునేవాళ్లే బరువు అడుగుతారు.

2. రెండుసార్లు వెళ్లండి, రెండోసారి చెప్పకుండా

మొదటిసారి వాళ్లు రమ్మన్న టైముకే వెళ్లండి, ఆఫీసులో కూర్చోండి, వాళ్లు చూపించినవి చూడండి. రెండోసారి ఆదివారమో, సాయంత్రం ఏడు దాటాకో వెళ్లండి. మేనేజర్ ఉండరు, డ్యూటీ మారే వేళ. అసలు హోమ్ అప్పుడే కనబడుతుంది. గేటు దగ్గరే ఆపేస్తే "ఫలానా మంచం ఖాళీగా ఉందన్నారు, ఒకసారి చూసి వెళ్తాం" అనండి. సాయంత్రం మామూలు వేళలో కూడా లోపలికి రానివ్వకపోతే, రేపు మీవాళ్లను చూడటానికి కూడా రానివ్వరు.

లోపలికి అడుగుపెట్టగానే వాసన తెలుస్తుంది. ఒక గదిలో మూత్రం వాసన వస్తే అప్పుడే ఎవరికో అయ్యుంటుంది, అది సహజం. కారిడార్ మొత్తం వస్తుంటే డైపర్లు టైముకు మార్చడం లేదని. ఫినాయిల్ వాసన గుప్పుమన్నా నేను సంబరపడను, దాని కింద ఏముందా అని చూస్తాను.

3. మాట్లాడలేని మనిషి మంచం దగ్గర నిలబడండి

అసలు పరీక్ష ఇదే. ఇంకొకరి అమ్మో నాన్నో కాబట్టి ఫొటోలు తీయకండి, దుప్పటి ఎత్తి చూడకండి. ఐదు నిమిషాలు ఊరికే నిలబడినా చాలు.

నీళ్ల గ్లాసు ఎక్కడుంది? మొదటి హోములో మా అత్తయ్య గ్లాసు రోజూ ఆవిడ కుడివైపు బల్ల మీద పెట్టేవాళ్లు. అది పడిపోయిన చెయ్యి. గ్లాసు నిండుగా ఉండేది, మూత కూడా ఉండేది, చూసేవాళ్లకు ముచ్చటగానే ఉండేది. రిజిస్టర్లో మాత్రం "నీళ్లు సరిగా తాగడం లేదు" అని రాశారు. యూరిన్ బ్యాగులో ముదురు టీ డికాషన్ రంగు చూశాక గానీ మాకు విషయం అర్థం కాలేదు. ఆ గ్లాసును ఎడమవైపు పెట్టడానికి డబ్బూ అక్కర్లేదు, డాక్టరూ అక్కర్లేదు. ఆ మనిషికి ఏ చెయ్యి పనిచేస్తుందో గుర్తున్నవాళ్లు ఒక్కరుంటే చాలు.

తర్వాత పెదవులు ఎండి పగిలాయా, గోళ్లు పెరిగి మట్టి పట్టాయా చూడండి. కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ మనిషి మీద ఉన్నాయా, సొరుగులో ఉన్నాయా? చెవి మిషన్ తీసేస్తే, ఆ పెద్దాయన ఎవరితోనూ మాట్లాడరని రాసేసుకుంటారు.

పడకపుండ్ల సంగతి విడిగా అడగాలి. కదల్లేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది మామూలుగా పాటించే లెక్క. తిప్పిన ప్రతిసారీ రాసే కాగితం మంచం దగ్గరే ఉండాలి. దాన్ని అడిగి చూడండి. పొద్దున పదకొండింటికి మీరక్కడ ఉంటే మధ్యాహ్నం రెండింటి గడిలో కూడా టిక్కు పెట్టేసి ఉందనుకోండి, ఇక అడగాల్సింది ఏమీ లేదు. వారం మొత్తం ఒకే పెన్ను, ఒకే చేతిరాత ఉన్నా అంతే. ఆల్ఫా బెడ్, అదే గాలి పరుపు వేశాం కదా, తిప్పక్కర్లేదు అనేవాళ్లను నమ్మకండి. అది సాయం చేస్తుంది, తిప్పే పని మానిపించదు. పైగా కరెంటు పోతే మోటార్ ఆగిపోతుంది. ఆ ప్లగ్గుకు ఇన్వర్టర్ కనెక్షన్ ఉందా అని అడగండి. ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్లకైతే ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం.

యూరిన్ బ్యాగు నడుము కంటే కిందికి వేలాడాలి, కానీ నేలకు ఆనకూడదు. ట్యూబ్ ద్వారా ఆహారం పెట్టేటప్పుడు తలవైపు ఎత్తి ఉండాలి, పెట్టాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి పోసేస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చే ప్రమాదం ఉంది. కుదిరితే ఆహారం పెట్టే వేళకే వెళ్లి చూడండి.

ఇంకొకటి, అడగడానికి ఇబ్బందిగా ఉన్నా అడగాల్సింది: "చేతులు కడతారా?" ట్యూబ్ లాగేసుకుంటున్నారని కట్టేసే చోట్లున్నాయి. ఎవరు చెబితే కడతారు, ఎంతసేపు, ఇంటివాళ్లకు ఫోన్ చేస్తారా అని అడగండి. పగలు పదకొండింటికి హాల్లో అందరూ మెడలు వాల్చేసి నిద్రపోతుంటే, నిద్రమాత్రలు ఎవరి సలహా మీద ఇస్తున్నారో కూడా అడగాలి.

4. మేనేజర్‌ను కాదు, ఆయాను అడగండి

బ్రోషర్లో "ట్రెయిన్డ్ నర్సులు" అని ఉంటుంది. జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చదివినవాళ్లా, ఏఎన్ఎమ్ (అంతకంటే చిన్న నర్సింగ్ కోర్సు) చేసినవాళ్లా, లేక అక్కడే పని నేర్చుకున్న అమ్మాయిలా అని విడదీసి అడగండి. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు తక్కువని కాదు, ఒళ్లు తుడిచి అన్నం తినిపించే పనిలో వాళ్లే మెరుగు కావచ్చు. కానీ ఇన్సులిన్ మోతాదు, పుండుకు కట్టు, ట్యూబ్ మార్చడం చదువుకున్న నర్సు చేతిలోనే ఉండాలి.

రాత్రి లెక్క ఆయా దగ్గర తెలుస్తుంది. నేను కారిడార్లో ఒకామెను, "రాత్రి ఎంతమంది ఉంటారమ్మా?" అని అడిగాను. "ఇద్దరం అమ్మా. ఒకరు సెలవు పెడితే నేనొక్కదాన్నే" అంది. ఆ ఫ్లోర్లో పద్దెనిమిది మంచాలున్నాయి. ఆఫీసులో మాకు చెప్పిన సంఖ్య నాలుగు. ఆమె అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఎన్నాళ్లుగా పనిచేస్తున్నావని కూడా అడగండి. అందరూ రెండు మూడు నెలల కిందట వచ్చినవాళ్లే అయితే, జీతాలు సరిగా ఇవ్వడం లేదేమోనని నాకు అనుమానం వస్తుంది.

మేం చివరికి ఎంచుకున్న చోట ఇంకొక ఆయా, ఎవరి గురించో, "ఈ తాతకు గోడవైపు తిప్పితే నిద్ర పట్టదమ్మా, కిటికీవైపే తిప్పాలి" అంది. నేనేమీ అడగలేదు. ఆ మాట విన్నాక మా ఆయన వైపు చూశాను, ఇద్దరం కిందికి వెళ్లి అడ్వాన్స్ కట్టేశాం.

5. మందుల డబ్బా తెరిపించండి

ఒక్కొక్కరికీ పేరు రాసిన డబ్బా విడిగా ఉండాలి. ఇచ్చిన వెంటనే సంతకం పెట్టే షీటు ఉండాలి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టారా, ఆ ఫ్రిజ్‌లోనే దోసెల పిండి కూడా ఉందా చూడండి. డాక్టర్ వారానికి ఎన్నిసార్లు వస్తారని మేనేజర్‌ను అడిగి, పోయినసారి ఎప్పుడొచ్చారో మంచంలో ఉన్నవాళ్లను అడగండి.

6. భోజనం వేళకు ఉండండి

మెనూ కార్డు చూసి లాభం లేదు. ప్లేట్లు వెనక్కి వెళ్లేటప్పుడు ఎంత మిగిలిందో చూడండి. తినిపించేవాళ్లు కూర్చుని తినిపిస్తున్నారా, నిలబడి ముద్ద మీద ముద్ద కుక్కుతున్నారా? మెత్తగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం, సాయంత్రం అలవాటున్నవాళ్లకు కాస్త కాఫీ. పెద్దవాళ్లకు కావలసింది ఎక్కువేమీ కాదు. నెలకోసారి బరువు తూచి రాస్తారా అని తప్పకుండా అడగండి. నెలలో ఐదు శాతం, అంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే డాక్టర్‌కు చూపించాల్సిందే.

7. అర్ధరాత్రి ఏమైనా అయితే?

ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఎవరు వెంట వెళ్తారు, 108కి ఫోన్ చేస్తారా, సొంత బండి ఉందా, మీరు అందుబాటులో లేకపోతే నిర్ణయం ఎవరిది? పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే ఊళ్లో ఉన్న ఒక బంధువు పేరు ముందే రాయించాలి. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో అక్కడే ఒకసారి ఎక్కి చూడండి. ఇళ్లను హోములుగా మార్చిన చోట చాలాసార్లు పట్టదు.

8. డబ్బు, కాగితాలు

నెల ఫీజులో ఏవి రావో రాయించుకోండి. డైపర్లు, గ్లవుజులు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి వెంట వచ్చినందుకు చార్జి, ఇవన్నీ విడిగా వేస్తే బిల్లు ఎక్కడికో పోతుంది. డైపర్లు మీరే కొనిస్తుంటే, నెలకు ఎన్ని అయ్యాయో లెక్క చూసుకోండి. మరీ తక్కువైతే డబ్బు మిగిలిందని సంతోషించకండి, రోజంతా ఒక్కదానితోనే ఉంచుతున్నారేమో. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, మధ్యలో తీసుకెళ్లిపోతే ఎంత కోస్తారు అన్నది అగ్రిమెంట్‌లో ఉండాలి. రిజిస్ట్రేషన్, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) అడిగితే చూపించాలి.

పెద్దవాళ్ల ఏటీఎం కార్డు, పిన్ నంబరు ఎవరికీ ఇవ్వకండి. పెన్షన్ కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ను ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. ఆ పని మీరు వెళ్లినప్పుడు చేసుకోండి.

9. చేర్చిన రోజు, ఆ తర్వాత నెల

చేర్చేరోజు నర్సును పక్కన పెట్టుకుని మడమలు, తుంటి, నడుము కింద చర్మం చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కితే తెల్లబడాలి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అక్కడ పుండు మొదలైనట్టే. ఛాయ బాగా నలుపైనవాళ్లలో ఆ ఎరుపు కనబడదు, వేడిగానో గట్టిగానో తగులుతుందేమో చూడాలి. ఉన్నదంతా కేసు షీటులో రాయించి, తేదీ వేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. లేకపోతే "మీ ఇంటి నుంచే తెచ్చారు" అనే వాదన వస్తుంది. మాకు వచ్చింది.

మొదటి నెల వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో వెళ్లండి. వీడియో కాల్ మంచిదే కానీ, దాని కోసం ముందే తల దువ్వి కూర్చోబెడతారు. మీరు వెళ్లినప్పుడల్లా మడమలు ఒకసారి చూడండి. తప్పు కనబడితే ముందు నర్సుకు, తర్వాత మేనేజర్‌కు చెప్పి, అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి, తేదీ ఉంటుంది. కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివి తెలిస్తే మేనేజర్‌తో బేరాలు వద్దు. వయసు మళ్లినవారి కోసం ఉన్న ఎల్డర్ లైన్ 14567కి ఫోన్ చేయండి, అది ఉచితం. ప్రాణాపాయం అనిపిస్తే 112. మనిషిని అక్కడి నుంచి మార్చాల్సి వస్తే మందుల షీటు, బరువు రాసిన కాగితం, పుండు కట్ల వివరాల కాపీలు చేతికి వచ్చాకే ఆఖరి బిల్లు కట్టండి.