కడిగిన మర్నాడు కదలని పాత బండి

నాది 2002 మోడల్ స్ప్లెండర్. ఒక దసరాకి, ఆయుధపూజ ముందు సాయంత్రం, విశాఖ మద్దిలపాలెంలో ఒకచోట వాటర్ వాష్‌కి ఇచ్చాను. కుర్రాడు ప్రెజర్ గన్‌తో ఇంజిన్ సందుసందునా కొడుతుంటే పక్కన టీ తాగుతూ మురిసిపోయాను. పొద్దున్నే సంపత్ వినాయగర్ గుడికి బయల్దేరబోతే ఉలుకూ పలుకూ లేదు. నలభై కిక్కులు కొట్టి, చివరికి గుడి ఉన్న ఆశీల్‌మెట్ట దాకా తోసుకెళ్లి, పూజ చేయించి, నిమ్మకాయల మీద నుంచి కూడా తోసుకుంటూనే తీసుకొచ్చాను.

మా మెకానిక్ చూసి నవ్వాడు. "ఏటండీ బాబూ, నీళ్లనంటారేటి? ఉప్పు ముందే ఉందండీ. తడి తగిలేసరికి లేచింది."

అతనన్నదే అసలు సంగతి. మంచినీళ్లు కరెంటుని పెద్దగా మోయవు, ఉప్పు కలిస్తే మోస్తాయి. బీచ్ రోడ్డులో రోజూ తిరిగే బండి మీద, పోర్టు వైపు ఆ నల్ల దుమ్ములో నిలబెట్టే బండి మీద, కంటికి కనపడని పొర ఒకటి పేరుకుని ఉంటుంది. కొత్త బండికి రబ్బర్లు గట్టిగా ఉంటాయి కాబట్టి బతికిపోతుంది. ఇరవై ఏళ్ల బండికి ప్రతి రబ్బరూ పగిలే ఉంటుంది.

బండి మొరాయించగానే కిక్ మీద పడకండి. ముందు తాళం తిప్పి హారన్ కొట్టండి. ఆ కాలం వంద సీసీ బండ్లలో చాలావాటికి ఇంజిన్ స్పార్కు, ఇంజిన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెట్ నుంచి వస్తుంది, హారన్, ఇండికేటర్లు బ్యాటరీ మీద నడుస్తాయి. ఏది పనిచేస్తోందో, ఏది లేదో తెలిస్తే వెతకాల్సింది సగమే.

హారన్ మోగుతుంది, ఇంజిన్ అందుకోదు

ముందు చూడాల్సింది ప్లగ్ క్యాప్, అంటే స్పార్కు ప్లగ్ మీద తొడిగే మూత. స్ప్లెండర్‌లో అది ముందు చక్రం వెనకే ఉంటుంది, చక్రం చిమ్మే తడంతా దానికే. క్యాప్ లాగి లోపలికి టార్చి వేస్తే నాకు కనపడింది ఇదీ: రబ్బరు అంచున గోరంత పగులు, లోపల బూడిద రంగు తడి, ప్లగ్ తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత నల్ల గీత. స్పార్కు ప్లగ్ మొన దాకా పోకుండా ఆ గీత వెంట ఇంజిన్ బాడీకి దిగిపోతోంది.

క్యాప్‌ని పొడిగుడ్డతో లోపలంటా తుడిచి ఎండలో పెట్టండి. క్యాప్ వైరుకి స్క్రూలా బిగించి ఉంటుంది, తిప్పితే ఊడొస్తుంది. వైరు చివర రాగి నల్లబడి ఉంటే అర సెంటీమీటరు కోసి మళ్ళీ బిగించండి. వైరు ఇప్పటికే పొట్టిగా ఉంటే కోయకండి, మార్చేయండి. నల్ల గీత పడ్డ ప్లగ్‌నీ, పగిలిన క్యాప్‌నీ తుడిచి వాడటం దండగ. రెండూ కొత్తవి కొన్నా పెద్ద ఖర్చేమీ కాదు.

కొన్ని బండ్లలో ప్లగ్ గుంటలో ఉంటుంది. అక్కడ నీళ్లు నిలిచి ఉండగా ప్లగ్ విప్పారో, మురికి నీళ్లు తిన్నగా సిలిండర్‌లోకి పోతాయి. సైకిల్ పంపుతో గాలి కొట్టి గుంట ఆరాకే పానా పెట్టండి.

అనుమానం తీరకపోతే రాత్రి లైట్లార్పి బండి స్టార్ట్ చేసి చూడండి. క్యాప్ చుట్టూ నీలం రంగు మెరుపులు కనపడితే దొంగ దొరికినట్టే. చేత్తో మాత్రం ముట్టుకోకండి.

క్యాప్ బాగుంది, స్పార్కే లేదు

ఇది చాలామంది మెకానిక్‌లని కూడా తిప్పలు పెడుతుంది. స్పార్కు చూడాలంటే ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజిన్‌కి ఆనించి కిక్ కొట్టాలి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. ప్లగ్ లేకుండా ఉత్త క్యాప్‌తో కిక్ కొడితే కాయిల్, సీడీఐ (స్పార్కుని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) దెబ్బతినొచ్చు.

స్పార్కు లేదంటే వెంటనే సీడీఐ పోయిందంటారు. ఆగండి. మాగ్నెట్ మీద నడిచే సీడీఐ ఉన్న బండ్లలో తాళం ఆఫ్ చేస్తే జరిగేది ఒకటే: సీడీఐ నుంచి వచ్చే ఒక వైరుని తాళం స్విచ్ ఎర్త్‌కి, అంటే బండి ఇనుప బాడీకి, కలుపుతుంది, ఇంజిన్ ఆగుతుంది. తాళం కన్నంలోకి నీళ్లు పోతే, మీరు ఆన్ చేసినా ఆ తడే వైరుని ఎర్త్‌కి కలిపేస్తుంది. బండి దృష్టిలో మీరింకా తాళం తిప్పనే లేదు.

హెడ్‌లైట్ డూమ్ విప్పి తాళం స్విచ్ కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ జాయింటు) ఊడదీసి కిక్ కొట్టండి. స్టార్ట్ అయితే తప్పు స్విచ్‌దే, సీడీఐ డబ్బులు మిగిలాయి. అప్పుడు తాళంతో ఇంజిన్ ఆగదు, గేరు వేసి బ్రేకు తొక్కి క్లచ్ వదలాలి. తాళం కన్నంలో కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు కలిసే చోట్లు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి పది పదిహేనుసార్లు తాళం అటూ ఇటూ తిప్పి ఆరనివ్వండి. ఇంజిన్ ఆయిలు మాత్రం పోయొద్దు, దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది. బ్యాటరీ మీద నడిచే సీడీఐ అయితే ఈ పరీక్ష చెల్లదు.

స్టార్టవుతుంది, యాక్సిలరేటర్ ఇస్తే మిస్సింగ్

ఇది కరెంటు గొడవ కాకపోవచ్చు. ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో, కార్బురేటర్‌లోకి నీళ్లు పోయాయేమో చూడండి. పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజిన్ చల్లబడ్డాక కార్బురేటర్ అడుగు స్క్రూ వదులు చేసి చిన్న సీసాలోకి దింపండి. నీళ్లుంటే అడుగున ముత్యాల్లా విడిగా నిలుస్తాయి.

హారన్ బొంగురు, ఇండికేటర్ నీరసం

బ్యాటరీ ఎర్త్ వైరు చూడండి, చిలుము పట్టి ఉంటుంది. మల్టీమీటర్ పెడితే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 అంటే సగం. ఇంజిన్ రేజ్ చేస్తే 13.5, 14.5 మధ్యకి రావాలి. రాకపోతే బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే రెక్టిఫైర్ కప్లర్ తడిసి ఉండొచ్చు, లేదా రెక్టిఫైరే పోయి ఉండొచ్చు. ఫ్యూజు కొట్టేస్తే సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టకండి. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్.

వెనక బ్రేకు లైటు వెలుగుతూనే ఉంటే స్విచ్ స్ప్రింగు దగ్గర మట్టి చిక్కుకుంది. కడిగేయండి, పోతుంది. పట్టించుకోకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

రెండు వారాల తర్వాత మొదలయ్యే జబ్బు

కడిగిన రోజు అంతా బాగుంటుంది. పదిహేను రోజులకి ఒక్కో లైటూ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. డూమ్ లోపలి కప్లర్లు విప్పితే పిన్నులు ఆకుపచ్చగా ఉంటాయి. వైరు పట్టుకుని లాగకండి, కప్లర్ పట్టుకుని లాగండి. క్లీనర్, పాత టూత్ బ్రష్‌తో తోమి, బాగా ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాసి బిగించండి. బ్యాటరీ టెర్మినళ్లకి వాజ్‌లైన్ చాలు.

ఇక కడగడం. ప్రెజర్ గన్ వద్దు. ఒక బక్కెట్, మగ్గు, షాంపూ చాలు. సముద్రం దగ్గరి కాలనీల్లో ఉప్పు బోరు నీళ్లు వాడితే ఉప్పుని కడగడానికి ఉప్పే పోసినట్టు, కుళాయి నీళ్లు పట్టండి. ఇంజిన్ చల్లారాక, తాళం కన్నానికి, హ్యాండిల్ స్విచ్‌లకి, ప్లగ్ క్యాప్‌కి పాలిథిన్ కవర్లు కట్టి కడగండి. సాయంత్రం కడగొద్దు, విశాఖ రాత్రి గాలికి ఏదీ ఆరదు. పొద్దున కడిగి, కవర్లు విప్పి, పది నిమిషాలు ఇంజిన్ నడిపి, ఎండలో నిలబెట్టండి.

సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కితే మంచిదే, తీయడం గుర్తుంచుకోండి. పై జాగ్రత్తలన్నీ తీసుకున్న ఒక ఆదివారం, ఆ గుడ్డ తీయకుండానే నేను మళ్ళీ నలభై కిక్కులు కొట్టాను.