ఊకతో డ్రిల్లింగ్ మడ్ – 3వ పాఠం: కారిన నీటిని కొలవడం

డ్రిల్లింగ్ మడ్ అంటే బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే మట్టి ద్రవం. దానిలో కలపడానికి గత పాఠంలో ఊకను ఎండబెట్టి, మర పట్టి, 75 మైక్రాన్ల జల్లెడతో రెండుగా వేరు చేశాం. జల్లెడ దిగని ముతకను ఈ రోజు ముట్టుకోవద్దు. రాతి పగుళ్లలోకి మడ్ మొత్తం పోతున్నప్పుడు అడ్డు వేయడానికి అది పనికొస్తుంది. ఈ పాఠంలో సమస్య వేరు. మడ్ బావిలోనే ఉంటుంది, అందులోని నీరు మాత్రం రాతి రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. దాన్ని మెత్తటి పొడి ఎంతవరకు ఆపుతుందో చూద్దాం.

350 మి.లీ. నీటిలో 22.5 గ్రాముల బెంటొనైట్‌ను (నీటిలో ఉబ్బే బంకమట్టి పొడి), మిక్సర్ తిరుగుతుండగా కొద్దికొద్దిగా చల్లండి. 20 నిమిషాలు కలిపి, మూత పెట్టి 16 గంటలు నాననివ్వండి. ఈ 350 కొలతలో ఒక సౌకర్యం ఉంది. ఇందులో ఒక గ్రాము వేస్తే, బావి దగ్గర ఒక బ్యారెల్ మడ్‌లో ఒక పౌండు వేసినట్టే. ఇలాంటివి నాలుగు కప్పులు కావాలి. బెంటొనైట్ పూర్తిగా ఉబ్బాకే మూడింటిలో 2, 4, 6 గ్రాముల ఊకపొడి కలపండి. నాలుగో దానిలో ఏమీ వేయవద్దు. అది లేకపోతే మిగతా మూడు అంకెలకూ అర్థం లేదు.

ఇక ఫిల్టర్ ప్రెస్, అంటే మడ్‌ను పీడనంతో కాగితం గుండా వడకట్టే పరికరం. అడుగున కొత్త కాగితం పరచి, మడ్ పోసి, చదరపు అంగుళానికి 100 పౌండ్ల పీడనం ఇవ్వండి. కింద కారే నీటిని 30 నిమిషాలు పట్టండి. ఏడున్నర నిమిషాల దగ్గర కూడా ఒక కొలత రాసుకోండి, చాలామంది బద్ధకించేది ఇక్కడే. కారే నీరు కాలం వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, ఆ కొలతకు రెట్టింపు చివరి కొలతకు దగ్గరగా ఉండాలి. చివరి కొలత బాగా ఎక్కువైతే కాగితం చిరిగిందేమో, రబ్బరు రింగు సరిగా కూర్చోలేదేమో చూడండి. బాగా తక్కువైతే, పొర కట్టేలోపే మొదట్లో నీరు ఎక్కువగా దూసుకుపోయిందని అర్థం. పీడనం పూర్తిగా వదిలాకే మూత విప్పండి.

కాగితం మీద మిగిలిన మట్టి పొరను నీటితో తేలిగ్గా కడిగి, మందం కొలవండి. నీరు తగ్గింది కదా అని ఇక్కడే సంతోషించవద్దు. పొర పల్చగా, గట్టిగా, వేలికి నున్నగా తగలాలి. మందంగా, మెత్తగా ఉంటే బావిలో డ్రిల్ పైపు దానికి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. అలాగే చిక్కదనం కొలిచే విస్కోమీటర్‌లో నిమిషానికి 600, 300 చుట్ల వేగాల దగ్గర రీడింగులు తీయండి. మొదటి దాని నుంచి రెండోది తీసేస్తే ప్లాస్టిక్ స్నిగ్ధత, అంటే పారేటప్పుడు మడ్ చూపే చిక్కదనం, వస్తుంది. ఊక పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది, పంపులకు భారమవుతుంది. నా లెక్కలో నీరు అతి తక్కువగా కారిన కప్పు కాదు, ఈ మూడూ సర్దుకున్న కప్పే మంచిది.

పీహెచ్ కూడా చూడండి. ఊక పులిసేకొద్దీ అది పడిపోతుంది. 9కి తగ్గితే కాస్టిక్ సోడా ద్రావణాన్ని, చేతికి తొడుగులు వేసుకుని, చుక్కలుగా వేయండి.

మీరు ఎంచుకున్న కప్పు కొలతతోనే మరో కప్పు కలిపి మూత పెట్టి ఉంచండి. వచ్చే పాఠంలో దాన్ని వేడికి గురిచేసి, మళ్లీ ఇవే కొలతలు తీస్తాం.