వాక్యూమ్ పెట్టినా దుమ్ము లేస్తోందా? గోడకీ చెక్కకీ సాండ్ పేపర్ పట్టేటప్పుడు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

లప్పం పెట్టిన గోడ, టేకు తలుపు, ఫాల్స్ సీలింగ్‌లో జిప్సమ్ బోర్డు జాయింటు: మూడింటికీ వాక్యూమ్ గొట్టం తగిలించే సాండింగ్ బ్లాక్ (అడుగున పేపర్ అంటించి చేత్తో రుద్దే దిమ్మ) పనికొస్తుంది. అది పెట్టినా దుమ్ము లేస్తే చాలామంది మెషిన్‌కి వాట్లు చాలలేదని ఇంకా పెద్దది కొంటారు. చాలాసార్లు తప్పు మోటారుది కాదు. బ్లాక్ నుంచి ఫిల్టర్ దాకా గాలి పోయే దారిలో ఎక్కడో అడ్డో, లీకో ఉంటుంది. ముందు అది వెతకండి.

మెషిన్ నడుస్తున్నా దుమ్ము గదిలోకే వస్తోంది

బ్లాక్ నుంచి గొట్టం ఊడదీసి కొసకి అరచెయ్యి అడ్డం పెట్టండి. గట్టిగా లాగితే లోపం బ్లాక్‌లోనో పేపర్‌లోనో ఉంది. నీరసంగా లాగితే సంచి, ఫిల్టర్, గొట్టం అతుకులు చూడాలి.

బ్లాక్ వైపు ఎక్కువగా కనబడే కారణం రంధ్రాలు కలవకపోవడం. బ్లాక్ అడుగున ఎనిమిది రంధ్రాలుండి, పేపర్‌కి ఆరే ఉంటే కొంత దారి మూసుకుపోయినట్టే. పేపర్ పీకి వెనక చూడండి, మూసుకున్న రంధ్రం దగ్గర దుమ్ము గుండ్రంగా అచ్చు పడి ఉంటుంది. అదే వరసలో రంధ్రాలున్న పేపర్ తెచ్చుకోవాలి, లేదా అంతా వలలా ఉండే జాలీ పేపర్ వాడాలి. జాలీకి ఏ వరసైనా ఒకటే. కాకపోతే అది వెల్క్రో ముళ్లని త్వరగా అరగదీస్తుంది కాబట్టి మధ్యలో పల్చటి రక్షణ ప్యాడ్ వేయండి.

రెండో కారణం గొట్టం కొలత. ఇళ్లలో వాడే వాక్యూమ్ గొట్టం సాధారణంగా బ్లాక్ మూతి కంటే లావుగా ఉంటుంది. రెండింటి కొలతలూ మిల్లీమీటర్లలో రాసుకెళ్లి మెట్లుమెట్లుగా ఉండే రబ్బరు అడాప్టర్ కొనండి. ఇన్సులేషన్ టేపు చుట్టడం ఆ పూటకే పనికొస్తుంది.

తలుపు అంచుల దగ్గర మాత్రమే దుమ్ము లేస్తుంటే మెషిన్‌లో లోపం లేదు. బ్లాక్ సగం గాల్లో ఉంటే తెరిచి ఉన్న వైపు నుంచే గాలి పీల్చుకుంటుంది. మూడింట రెండు వంతుల బ్లాక్ చెక్క మీదే ఉండేలా చూసుకోండి.

మొదట బాగా లాగి, పావుగంటకి నీరసపడుతోంది

లప్పం దుమ్ము ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. ముడతల ఫిల్టర్ మీద పొరకట్టి గాలిని ఆపేస్తుంది. మెషిన్‌లో గుడ్డలాంటి ఫ్లీస్ సంచి వేయండి, కాగితం సంచి త్వరగా మూసుకుపోతుంది. గోడలు ఎక్కువుంటే మెషిన్‌కీ బ్లాక్‌కీ మధ్య సైక్లోన్ మూత (గాలిని సుడి తిప్పి దుమ్ముని కింద రాల్చేది) బిగించిన బకెట్ పెట్టండి, దుమ్ములో ఎక్కువ భాగం అందులోనే రాలిపోతుంది. బకెట్ గట్టిదై ఉండాలి. గొట్టం మూసుకుపోయినప్పుడు పల్చటి పెయింటు డబ్బా లోపలికి నొక్కుకుపోతుంది.

ఫిల్టర్‌ని బయట ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి. కంప్రెసర్ గాలి దగ్గర నుంచి కొడితే కాగితం చిరుగుతుంది. కడగొచ్చని దాని మీద రాసి ఉంటే తప్ప నీళ్లు తగలనివ్వద్దు. స్పాంజ్ తొడుగు నీళ్లు లాగడానికి ఇచ్చినది. దానితో పొడి దుమ్ము లాగితే మోటారులోంచి వెళ్లి వెనక నుంచి గదిలోకే వస్తుంది. గది చీకటి చేసి మెషిన్ వెనక టార్చి వేస్తే ఆ దుమ్ము కంటికి కనబడుతుంది.

బ్లాక్ గోడకి అతుక్కుపోతోంది

లాగుడు ఎక్కువైంది. గొట్టం పిడి మీద ఉన్న గాలి కిటికీ కొంచెం తెరవండి. అతుక్కున్నదాన్ని బలవంతంగా జరిపితే మెత్తటి జిప్సమ్ మీద గాడి పడుతుంది.

పేపర్ రెండు నిమిషాల్లో పూడిపోతోంది

పేపర్ మీద చిన్న చిన్న గట్టి బిళ్లలు కట్టాయంటే లప్పం ఇంకా పచ్చిగానే ఉంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా విజయవాడలో గాలే తడిగా ఉంటుంది. డబ్బా మీద రాసిన ఆరే గంటలు చాలవు. గోరుతో నొక్కితే దిగబడకూడదు, రంగు మచ్చలు లేకుండా ఒక్కలా తేలాలి. అనుమానం ఉంటే అడుగు చదరం పాలిథిన్ కవరు గోడకి నాలుగువైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున లోపల చెమ్మ పడితే తడి గోడలోంచి వస్తోంది. పైపు లీకో, బాత్రూమ్ గోడో చూసుకోకుండా ఎంత రుద్దినా లాభం లేదు.

మే నెలలో దీనికి పూర్తిగా తిరగబడిన సమస్య వస్తుంది. రుద్దినకొద్దీ పొడి రాలుతూనే ఉంటుంది, గట్టి పొర తగలదు. ఎండకి కాలిన గోడ తెల్ల సిమెంటు లప్పంలోని నీటిని పీల్చేయడంతో అది గట్టిపడకుండా ఎండిపోయింది. దీన్ని పేపర్ బాగుచేయలేదు. రాలే పొరంతా గీకేసి, గోడని నీళ్లు కారకుండా తడిపి, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ పల్చగా మళ్లీ పట్టించండి.

టేకులో నూనె, సరిగా ఆరని సీలర్ (పాలిష్‌కి ముందు చెక్కకి వేసే పూత) కూడా పేపర్‌ని పూడ్చేస్తాయి. సీలర్‌కి ఇంకొంత టైమివ్వండి. టేకుకి దుమ్ము అంటుకోకుండా తెల్లటి స్టియరేట్ పూత ఉన్న పేపర్ తీసుకుని, చెయ్యి బరువు తగ్గించండి. అదిమితే వేడెక్కి ఇంకా అంటుకుంటుంది.

పాలిష్ వేశాక గీతలు తేలుతున్నాయి

నారకి అడ్డంగా రుద్దడం, పేపర్ నంబర్లు దాటేయడం, ఎక్కువగా ఇవే కారణాలు. నంబరు పెరిగేకొద్దీ పేపర్ సన్నబడుతుంది. చెక్కకి 80, 120, 180 వరసలో వెళ్లాలి. 80 నుంచి నేరుగా 180కి దూకితే పాత గీతలు పోవు, మెరుగు వెనక దాక్కుని పాలిష్‌లో బయటపడతాయి. ప్రతి నంబరుకీ ముందు పెన్సిల్‌తో లేతగా అడ్డగీతలు గీసి, అవి మొత్తం పోయేదాకా రుద్దండి. నంబరు మార్చేటప్పుడు వాక్యూమ్‌తో ఉపరితలం తుడవాలి. మిగిలిన ఒక్క ముతక రేణువు కొత్త గీత వేస్తుంది. టార్చి పక్కనుంచి వాలుగా వేసి చూడండి, నేరుగా వేస్తే ఏమీ తెలియదు.

వెనీర్ (పల్చటి చెక్క పొర) వేసిన ప్లై మీద 80 పెట్టొద్దు. 180తో మొదలుపెట్టండి. పై పొర చాలావాటిలో అర మిల్లీమీటరే.

జిప్సమ్ బోర్డు కాగితం నూగులేచింది

జాయింటు దాటి బోర్డు మీదికి వెళ్లిపోయారు. ఇంక రుద్దొద్దు. ప్రైమర్ ఒక చెయ్యి వేసి ఆరనిచ్చి, పల్చగా జాయింట్లకి పట్టించే కాంపౌండ్ పట్టించి, 220తో ముగించండి. ఈసారి జాయింటుకి 150 కంటే ముతకది వాడకండి.

మాస్కు, పాత రంగులు

వాక్యూమ్ ఉన్నా ఎన్95 మాస్కు పెట్టుకోవాల్సిందే. చేతిరుమాలు మెత్తటి దుమ్ముని ఆపదు. కలప దుమ్ము మనుషుల్లో క్యాన్సర్‌కి కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది.

విజయవాడ వన్ టౌన్, గుంటూరు బ్రాడీపేట లాంటి చోట్ల పాత ఇళ్ల తలుపులకి పొర మీద పొర ఆయిల్ పెయింటు ఉంటుంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందువాటిలో సీసం ఉందనుకునే పని చేయాలి. పొడిగా అసలు రుద్దొద్దు. సాధారణ వాక్యూమ్ ఆ సన్న దుమ్ముని ఇల్లంతా ఊదుతుంది. పెయింట్ రిమూవర్ వాడండి, లేదా స్ప్రేతో తడుపుతూ వాటర్ పేపర్ (తడిగా రుద్దడానికి వాడే పేపర్) పట్టండి. పని అయ్యేదాకా పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ గదిలోకి రానివ్వద్దు.

నిండిన సంచిని ఆరుబయటే మూతి కట్టి పారేయండి. లప్పం దుమ్ము సైడు కాలవలో పోస్తే తడికి పేరుకుని నీళ్లు ఆపేస్తుంది. పాలిష్ మీద రుద్దిన దుమ్ము మాత్రం రాత్రి మెషిన్‌లో వదలొద్దు. అది దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. మూతున్న ఇనుప డబ్బాలో వేసి ఇంటికి దూరంగా పెట్టండి.